గుట్టను కొలిచారు, కప్పను వెతకలేదు

వానలు మొహం చాటేస్తేనే మా మేడిపల్లి వైపు ఊళ్లకు కప్ప గుర్తొస్తుంది. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి పిల్లలు ఇంటింటికీ తిప్పుతారు. ఆడవాళ్లు బిందెడు నీళ్లు పోసి కప్పతల్లికి మొక్కుతారు. వాన పడిందా, ఇక ఆ తల్లి చచ్చిందో బతికిందో అడిగే దిక్కుండదు.

పాత కరీంనగర్ జిల్లా గుట్టలను టాన్ బ్రౌన్ గ్రానైటు పేరుతో కోసి, దిమ్మెలు చేసి ఓడలెక్కిస్తున్నారు. ఏ గుట్టలో ఎన్ని క్యూబిక్ మీటర్ల రాయి ఉందో, ప్రభుత్వానికి సీనరేజి రుసుం ఎంత రావాలో లెక్క కడతారు. ఆ బండల సందుల్లో ఏ ప్రాణి ఉందో చూడడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు!

రాళ్లనే నమ్ముకుని బతికే కప్ప ఒకటుంది. శాస్త్రజ్ఞులు డుట్టాఫ్రైనస్ హొలోలియస్ అంటారు. 1876లో గుంథర్ అనే శాస్త్రజ్ఞుడు దానికి పేరు పెట్టి మలబారుదన్నాడు. తీరా అది తూర్పు కనుమల రాతినేలల్లో, మన నాగార్జునసాగర్ దగ్గర కనిపించింది. నునుపు చర్మం, చదునైన ఒళ్లు, బండ పొరల్లో దూరడానికే పుట్టినట్టు. ముప్పులో ఉన్న జీవుల ప్రపంచ ఎర్రజాబితా దాన్ని తగినంత సమాచారం లేని జీవుల వరసలో పడేసింది. మన గుట్టలెక్కి వెతక్కపోతే సమాచారం ఆకాశం నుంచి ఊడిపడుతుందా?

పశ్చిమ ఆఫ్రికాలో నింబా కొండల మీద రెండు సెంటీమీటర్ల కప్ప ఉంది. గుడ్లు పెట్టదు. తొమ్మిది నెలలు మోసి పిల్లల్ని కంటుంది. ఆ కొండల నిండా ఇనుప ఖనిజం, దాని మీదే అందరి కన్నూ. 1992 నుంచి ఆ కొండలు యునెస్కో ప్రమాద జాబితాలో ఉన్నాయి. అక్కడ కనీసం ఆ కప్ప కోసం గొంతెత్తే వాళ్లున్నారు. మన గుట్టల కోసం ఎవరున్నారు? 1987లో నిషేధం వచ్చేదాకా కప్పకాళ్లు నరికి టన్నులకొద్దీ విదేశాలకు అమ్మిన దేశం మనది. అప్పుడు కాళ్లు, ఇప్పుడు ఇల్లే.

అధికారులారా, గుట్ట లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్క వానాకాలం ఆగండి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం జీపు దిగి, ఇక్కడ ఏమీ లేవని రాసుకుపోతే ఒప్పుకోం. తొలకరి పడ్డ రాత్రి టార్చిలైట్లు పట్టుకుని రండి. కోరుట్లలో, జగిత్యాలలో జీవశాస్త్రం చెప్పే పంతుళ్లున్నారు, ఆ గుట్ట మీద మేకలు కాసేవాళ్లున్నారు. వాళ్లను వెంటబెట్టుకుని ఎక్కండి. చూసింది చూసినట్టు రాసి, ఆ కాగితాన్ని గ్రామసభలో అందరికీ వినపడేలా చదవండి.