కుంగిన సోఫా, కొంచెం నవారు

మా ఇంటి టేకు సోఫా నాన్నగారు 1984లో కొన్నది. కొంతకాలంగా దాని నడుము కుంగిపోయినా మాకెవరికీ అదొక సమస్యగా తోచలేదు. అమ్మ మాత్రం ఎప్పుడో దానిని విడిచి, గుమ్మం పక్కనున్న చెక్కకుర్చీకి మారింది. "ఇక్కడ గాలి బాగా వస్తుంది నాయనా" అనేది. ఒకనాడు బంధువులు వస్తే మర్యాదకు సోఫాలో కూర్చున్నది. వారు వెళ్ళిపోయి, దీపం పెట్టే వేళ దాటుతున్నా లేవలేదు. లేవలేకపోతున్నదనీ, పిలవడానికి మొగమాటపడుతున్నదనీ నాకు అప్పటికి గాని తెలియలేదు. ఆసనం మోకాళ్ళకంటె కిందికి దిగితే, లేచేటప్పుడు భారమంతా మోకాళ్ళ మీదా తొడల మీదా పడుతుంది.

మొదట నేను చేసిన పని తెలివితక్కువది: కొత్త ఫోము దిండ్లు వేయించాను. నెల తిరగకముందే అవీ గోతిలోకి దిగాయి. తరువాత ఒక దుకాణదారు వచ్చి, మరమ్మతుకు 9,000 రూపాయలన్నాడు. అంతకన్న కొత్తది కొనుక్కోవడం మేలని కూడా సెలవిచ్చాడు.

ఆదివారం దిండ్లు తీసి, సోఫాను తిరగవేసి చూశాను. చట్రానికి బిగించిన రబ్బరు పట్టీలు పగిలి వేలాడుతున్నాయి. ఏళ్ళ తరబడి గాలికీ వేడికీ రబ్బరు సాగే గుణాన్ని పోగొట్టుకుంటుంది. లోపం దిండులో లేదు, దాని కింద ఉన్నది. మీరూ ఖర్చుకు ముందు తిరగవేసి చూడండి. చట్రం కీళ్ళు కదులుతుంటే పాత జిగురు గీకి, కొత్తది పూసి, తాడుతో బిగించి ఒక రోజు కదపకుండా ఉంచాలి. లోపల వంకరతీగ స్ప్రింగులుంటే మాత్రం పనివాడిని పిలవడమే మంచిది. అవి ఎగిరి కంటికి తగలవచ్చు.

దిండ్ల కింద ప్లైవుడ్ పలక పరచమని చాలామంది చెబుతారు. కుంగుడు పోతుంది, కాని బల్ల మీద కూర్చున్నట్లుంటుంది. నేను మంచాల నవారు తెచ్చాను. (అనువాదకుడి చాపల్యం కొద్దీ ఒక మాట: నవారు పారసీకం నుంచి, సోఫా అరబ్బీ నుంచి ఇంగ్లీషు మీదుగా మనకు వచ్చిన మాటలు.)

అయిదడుగుల సోఫాకు 3 అంగుళాల వెడల్పు నవారు 20 మీటర్లు సరిపోయింది. పట్టీకీ పట్టీకీ నడుమ అంగుళం ఎడం. కొనను మడిచి, వెడల్పు తల మేకులు అయిదింటిని ఒకే వరుసలో కాక ఎగుడుదిగుడుగా కొట్టాలి. వరుసగా కొడితే చెక్క చీలుతుంది. అసలు కష్టం రెండవ కొన దగ్గర. చేతితో లాగితే చాలదు. నవారును ఒక చెక్కముక్కకు చుట్టి, ఆ ముక్కను చట్రం అంచుకు ఆనించి కిందికి వంచితే పట్టీ బిగుస్తుంది. వేలితో మీటితే డప్పులా పలకాలి. అడ్డపట్టీలన్నీ అయ్యాక నిలువువాటిని చాపలా, ఒకదాని పైనుంచీ ఒకదాని కిందుగానూ అల్లాలి. మొదటి మూడు పట్టీలూ నాకు వదులై, విప్పి మళ్ళీ కొట్టవలసివచ్చింది. బొటనవ్రేలు ఇంకా నల్లగానే ఉన్నది.

మొత్తం ఖర్చు 700 రూపాయల లోపు. అమ్మ కూర్చున్నప్పుడు ఆసనం ఎత్తు 12 అంగుళాలుండేది, ఇప్పుడు 16.

మర్నాడు కుక్కరు మూడో కూత వేయగానే అమ్మ సోఫాలోంచి తానే లేచి వెళ్ళి స్టవ్ ఆపింది. మిగిలిన మీటరు నవారును తన పరుపుచుట్టకు కట్టుకున్నది.