మగకుక్కలకు ఆపరేషన్ చేస్తే గల్లీలో కుక్కలు తగ్గుతాయా?

ఢిల్లీ పరిసరాల్లో వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న చెప్పింది. అదే నెల 22న ముగ్గురు జడ్జీల బెంచ్ ఆ మాట మార్చింది. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలంది. రేబిస్ ఉన్నవాటిని, మరీ దూకుడుగా ఉన్నవాటిని మాత్రం వదలొద్దంది. నవంబర్ 7న ఇంకో ఆదేశం: స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలకూడదు.

కాబట్టి బస్తీల్లో భారమంతా ఆపరేషన్ మీదే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేశాయి. తెల్లారగానే పిల్లల్ని అరబీ చదువుకు పంపే అమ్మీలకు ఆ భయం ఇంకా పోలేదు.

అధికారులు ఎప్పుడూ ‘ఇన్ని వేల ఆపరేషన్లు’ అంటారు. కామర్స్ చదివినవాణ్ని కదా, నాకు ఆ లెక్క సరిపోదు. ఒక బస్తీలో పది మగవి, పది ఆడవి ఉన్నాయనుకోండి. తొమ్మిది మగవాటికి ఆపరేషన్ చేసినా, మిగిలిన ఒక్కటే పది ఆడకుక్కలతో కలవగలదు. రెండు నెలలకు పిల్లలే పిల్లలు. అదే తొమ్మిది ఆడవాటికి చేస్తే ఈనేది ఒక్కటే. పైగా వృషణాలు తీసేశాక కూడా కొన్ని వారాలపాటు మగకుక్క వల్ల గర్భం వచ్చే వీలుంటుంది.

అలాగని మగవాటి ఆపరేషన్ దండగ కాదు. వృషణాల క్యాన్సర్ రాదు. వయసు మీద పడ్డాక ప్రోస్టేట్ ఉబ్బి మలమూత్రాలకు ఇబ్బంది పడే బాధ తప్పుతుంది. వృషణం కిందికి దిగక కడుపులోనే ఉండిపోయిన కుక్కలకైతే ఇది మరీ అవసరం, అలాంటి వృషణంలో గడ్డలు వచ్చే ముప్పు ఎక్కువ. వీధుల్లో ఇంకో జబ్బు కనిపిస్తుంది: అంగం దగ్గర ఎర్రగా, కాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారే గడ్డ. కలయికతో ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సర్ అది. మనుషులకు రాదు. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఇస్తే చాలావరకు నయమవుతుంది. కానీ వీధి కుక్కను ప్రతి వారం పట్టుకునేదెవరు?

ఆపరేషన్ అయ్యాక ఆడకుక్కల కోసం తిరగడం, కొట్లాడుకోవడం తగ్గుతుంది. భయంతోనో, పిల్లల్ని కాపాడుకోవడానికో కరిచేది మాత్రం దీంతో ఆగదు. మాంసం దుకాణాల వ్యర్థాలు మూలమలుపులో పడేస్తే గుంపు కూడేదీ ఆగదు. ఇది మన గల్లీల్లో మనమే చూసుకోవాల్సిన పని.

ఆపరేషన్ అయిన కుక్క చెవికి చిన్న కోత ఉంటుంది. ఈసారి కార్పొరేటర్ వస్తే మొత్తం ఎన్ని చేశారని అడగకండి. మన గల్లీలో చెవి కోత లేని ఆడకుక్కలు ఎన్ని మిగిలాయో అడగండి.