పేరు కొన్నవానికి చిరునామా దక్కునా?

ఎథీరియమ్ బ్లాక్‌చెయిన్‌పై ప్రతి ఖాతాకు గల చిరునామా నలుబదికి తక్కువ గాని అంకెలును అక్షరములును కలగలిసిన మాలిక. దానిని కంఠస్థము చేయుట మానవమాత్రునికి దుస్సాధ్యము, పొరపాటున అన్యుల ఖాతాకు చేరిన ధనమును మరలించు అధికారియు అందెవ్వడును లేడు. ఈ బాధను నివారించుటకై 2017 మే 4న ఆరంభమైన ఎథీరియమ్ నేమ్ సర్వీస్, అట్టి చిరునామాలకు మారుగా డాట్ ఎథ్ అని ముగియు సుబోధకములైన పేర్లను వాడుకలోనికి తెచ్చెను.

తొలినాళ్లలో ఆ పేర్లకు గుప్త వేలము జరుగుచుండెను; హెచ్చు పాట పాడినవాడు రెండవ పాటదారుని మొత్తమును ధరావతుగా కట్టి పేరును పొందుచుండెను. అయితే ఆ స్వామ్యమును నమోదు చేయు పద్ధతి ఆ సేవకే ప్రత్యేకమగుటచే, వాలెట్లు గాని టోకెన్ల విపణులు గాని దానిని తమంత తాము గుర్తింపజాలకుండెను. ఒక టోకెను ఎవరిది, దానినెట్లు బదిలీ చేయవలెను, అన్యులకెట్లు అనుమతి నీయవలెను అను ప్రశ్నలకు 2018లో వెలువడిన ఈఆర్‌సీ-721 ప్రమాణము సర్వసమానమైన సమాధానము నొసగగా, 2019 మే 4న ఈ సేవ పేర్లను కేటాయించు తన రిజిస్ట్రారును మార్చి, ప్రతి పేరును ఆ ప్రమాణమునకు లోబడిన టోకెనుగా రూపొందించెను. ధరావతు పోయి వార్షిక రుసుము వచ్చెను. అయిదక్షరములు గాని అంతకు మించి గాని గల పేరునకు ఏటికి 5 డాలర్లు. పాతవారికి మారుటకు ఏడాది గడువు నిచ్చిరి. ఏటేట రుసుము కట్టవలసిన వాడు పేర్లను ఊరక పోగుచేసికొనుటకు కొంత సంకోచించును గదా!

ఈ మార్పు యుక్తమైనదే. కాని ప్రమాణము నెరవేర్చినంతనే కర్తవ్యము తీరినదనుకొనుట పొరపాటు. ఒకడు తన పేరును విపణిలో విక్రయించెననుకొందము: టోకెను కొనుగోలుదారుని ఖాతాకు చేరును, ఏ పేరు ఎవరి అదుపులో నున్నదో వ్రాసియుంచు మూల రిజిస్ట్రీలోని ఆధిపత్యము మాత్రము, క్రొత్తవాడు 'రీక్లెయిమ్' అను వేరొక క్రియ జరుపువరకు, పాతవానిదిగానే నిలుచును, పేరును బట్టి చిరునామాను తెలుపు రిజాల్వరులో వ్రాసియున్న చిరునామాయు ఎవరైన మార్చునంతవరకు మారదు. ఆ నడుమ ఆ పేరున పంపిన సొమ్ము అమ్మినవానికే చేరును. రిజిస్ట్రేషను ముగిసియు మ్యుటేషను కాని పొలము గొన్న రైతు ఈ చిక్కును ఇట్టే గ్రహించును.

ఈ దోషము ప్రమాణమునకు చెందినది కాదు. టోకెను వెనుక నొక చిరునామా గలదని అది యెరుగదు. బదిలీతోపాటే పాత వివరములన్నియు తుడిచివేయుదమన్నచో, తన పేరును తన రెండవ వాలెట్టునకే మార్చుకొనువాడు నిష్కారణముగా నష్టపోవును. కావున విపణులును వాలెట్లును అమ్మకమునాడే, ఆ పేరు ఇంకను ఎవరి ఖాతాను చూపుచున్నదో కొనువానికి స్పష్టముగా చూపవలెను. అంతవరకు పేరు కొనువారు మొదట రిజిస్ట్రీ ఆధిపత్యమును పొంది, తమ చిరునామాను వ్రాసికొని, ఆ తరువాతనే ఆ పేరును ఇతరులకు చెప్పుకొనవలెను.