సీడ్ పత్తి చేలో మీకో ఉద్యోగం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో డిగ్రీ, బీటెక్ పూర్తి కాగానే చాలామంది హైదరాబాద్ బస్సెక్కేస్తారు. అమీర్‌పేటలో కోర్సు, హాస్టల్, వరుస ఇంటర్వ్యూలు. వెళ్లొద్దని చెప్పను. కానీ ఎక్కేముందు మన సీడ్ పత్తి చేలను ఒక్కసారి ఉద్యోగం వెతుక్కునే కళ్లతో చూడండి.

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చారు. ఆ మొక్కను కొరికితే కాయతొలుచు పురుగు చస్తుంది. జన్యువును చేర్చేది ల్యాబ్‌లో. హైబ్రిడ్ విత్తనం తయారయ్యేది మాత్రం చేతులతో. సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దాలి. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకు ఈ పనే పేరు తెచ్చింది.

చిక్కు ఆ తర్వాతే. విత్తనానికి జన్యు స్వచ్ఛత పరీక్ష ఉంటుంది. శాంపిల్ విత్తి, మొక్కలు పెంచి చూసే జీవోటీ పద్ధతికి నెలలు పడుతుంది. ఫెయిలైతే రైతు కష్టం గంగపాలే. డీఎన్‌ఏ మార్కర్లతో అదే సంగతి కొద్ది రోజుల్లో తేల్చొచ్చు. రైతు తన శాంపిల్ తానే తీసుకెళ్లి చూపించుకునే ల్యాబ్‌లు దగ్గర్లోనే ఉండాలంటాను. వాటిని నడపాల్సింది మీలాంటి వాళ్లే.

పురుగు కూడా ఊరుకోలేదు. 2006లో రెండు జన్యువుల పత్తి వచ్చినా, గులాబీ రంగు పురుగు దాన్నీ తట్టుకుంది. చేను చుట్టూ వేయమని ఇచ్చిన నాన్ బీటీ విత్తనాన్ని చాలామంది వేయకపోవడం అందుకో కారణం. బ్రెజిల్‌లో 2013 నుంచి బీటీ సోయాబీన్ పండిస్తున్నారు. మన దగ్గర దాని సాగుకు అనుమతి లేదు. రేపు వచ్చినా పాఠం ఇదే: జన్యువు ఒక్కటే చాలదు, పురుగును కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి.

మరి మీరేం చేయొచ్చు? బయోటెక్ చదివితే పీసీఆర్, మార్కర్ పరీక్షలు థియరీతో ఆపకుండా చేత్తో చేసి నేర్చుకోండి. కంప్యూటర్స్ అయితే లింగాకర్షక బుట్టల్లో పడ్డ పురుగులను ఫొటో చూసి లెక్కపెట్టే ప్రోగ్రామ్‌ను ఫైనలియర్ ప్రాజెక్టుగా తీసుకోండి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోనే వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం ఉన్నాయి. వెళ్లి అడగండి.

మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలా ఉండకపోవచ్చు. కానీ ఇంటర్వ్యూలో పక్కవాడు పుస్తకంలో చదివింది చెబుతుంటే, మీరు చేలో చూసింది చెప్పగలరు.