మెమరీ వేసిన కంప్యూటర్ మొండికేస్తే బోర్డు పోయినట్లేనా?

పామిడి: పెన్న ఒడ్డునున్న ఈ ఊరు బట్టల వ్యాపారానికి పేరు పొందింది. నేడు ఇక్కడి దుకాణంలో బిల్లు కొట్టాలన్నా, రైతు అడంగల్ నకలు తీసుకోవాలన్నా, విద్యార్థి దరఖాస్తు పంపాలన్నా కంప్యూటర్ పలకనిదే పని జరగదు. ఆ యంత్రం ఒక పూట మూలనపడితే, వేరుశనగ చేను వదిలి వచ్చిన రైతు ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోగొట్టుకొని ఉత్త చేతులతో తిరిగిపోవలసిందే.

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో వాడే కంప్యూటర్లలో పాతవి అనేకం. వాటిలో 4 జీబీ మెమరీతో కొన్నవి తక్కువేమీ కావు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ చాలని కంపెనీ చెబుతున్నా, దానితో పని నత్తనడకే. కొత్త యంత్రం కొనే స్తోమత లేనివారు మరో ర్యామ్ ముక్క వేయించుకోవడం తెలివైన పనే. చిక్కల్లా ఆ తరువాతే వస్తోంది. మీట నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం వెలగదు. లేదా లోపలినుంచి కూతలు వినిపిస్తాయి. వెంటనే ‘మదర్‌బోర్డు పోయింది’ అనే తీర్పు వెలువడుతుంది. వేల రూపాయల ఖర్చు నెత్తిన పడుతుంది. పరీక్షించకుండా ఇచ్చే ఈ తీర్పు ఎంతమాత్రం సమంజసం కాదు.

ఖర్చులేని పరీక్ష

ముందుగా కరెంటు తీగ పీకి, కొత్త ముక్క తీసివేసి, పాత ముక్క ఒక్కటే దాని పాత స్థానంలో పెట్టి చూడాలి. యంత్రం లేచిందంటే బోర్డు పూర్తిగా పోలేదని తేలినట్లే. తరువాత కొత్తది ఒక్కటే అదే స్లాట్‌లో పెట్టాలి. లేస్తే ముక్క మంచిదే. అప్పుడు రెండో స్లాట్‌నో, రెండు ముక్కల పొత్తునో అనుమానించాలి. లేవకపోతే ఆ ముక్క చెడినదైనా కావాలి, ఆ బోర్డుకు సరిపడనిదైనా కావాలి. పాతది కూడా పలకకపోతే ఊడిన తీగలు చూసి, బోర్డు మీది గుండ్రని బ్యాటరీని కొద్ది నిమిషాలు తీసి మళ్లీ పెట్టి ప్రయత్నించాలి. ఇవన్నీ అయ్యాకే బోర్డు సంగతి మాట్లాడాలి.

తరచుగా కనిపించే లోపం ముక్క పూర్తిగా దిగకపోవడమే. చివర్ల కొక్కేలు టక్కుమని పడేదాకా రెండు వైపులా సమానంగా నొక్కాలి. ఇక్కడి దుమ్ము స్లాట్లలో పేరుకుంటుంది కనుక మెత్తని కుంచెతో దులపాలి. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది. ఆ రబ్బరు పొడి స్లాట్‌లో పడితే అదో కొత్త తంటా.

జత కుదరాలి

డీడీఆర్3 ముక్కకు 240 పిన్నులు, 1.5 వోల్టులు. డీడీఆర్4 ముక్కకు 288 పిన్నులు, 1.2 వోల్టులు. రెండింటి గాడి వేరు. బలవంతంగా నొక్కితే విరగడమే తప్ప పని చేయదు. ఇక 8 జీబీ వేసినా 3 జీబీ పైచిలుకే కనిపిస్తోందని కొందరు దుకాణదారుతో తగవుపడుతున్నారు. లోపల ఉన్నది 32 బిట్ విండోస్ అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు. అది ముక్క తప్పు కాదు, దుకాణదారు మోసమూ కాదు.

ఈ కరువు సీమకు ప్రత్యేకమైన మరో శత్రువు ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వర్షం పడే ఈ జిల్లాలో ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది. పొడిగాలిలో ఒంటిమీద స్థిర విద్యుత్తు చేరుతుంది. సుమారు 3,000 వోల్టులు ఉంటేగాని మనిషి వేలికి చురుక్కుమనదు. అంతకు ఎంతో తక్కువకే చిప్పు దెబ్బతినవచ్చు. కనుక ముక్కను తాకే ముందు పెట్టె లోపలి రంగులేని ఇనుమును తాకడం మరువరాదు. ముక్కను అంచులతోనే పట్టుకోవాలి.

అసలు పలకని యంత్రంకన్నా పలుకుతూ తప్పు చేసేది మరింత ప్రమాదం. లోపమున్న మెమరీ దాచే లెక్కను పాడుచేయగలదు. దుకాణం పద్దులోనో, పొదుపు సంఘం ఖాతాలోనో ఒక అంకె మారితే బాధ్యులెవరు? విండోస్‌లోనే మెమరీ పరీక్ష ఉంది. పైసా ఖర్చు లేదు. ఒక రాత్రి దానిని నడిపిన తరువాతే యంత్రాన్ని అప్పగించడం ధర్మం.

ధరల దెబ్బ

2025 చివరి నుంచి ప్రపంచమంతటా మెమరీ ధరలు పెరిగాయి. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ వంటి పెద్ద ఉత్పత్తిదారులు కృత్రిమ మేధ కేంద్రాలకు కావలసిన సరుకువైపు మొగ్గడమే ముఖ్య కారణం. సామాన్యులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటామని మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో జరిగిన నిర్ణయం పామిడి దుకాణదారు జేబును తాకుతోంది. ఇటువంటి రోజుల్లో మంచి ముక్కను చెడిందని పారవేయడం చేజేతులా నష్టపోవడమే.

మరమ్మతు చేసేవారి కష్టమూ గమనించాలి. ఎక్కడో చౌకగా కొన్న, జత కుదరని ముక్క తెచ్చి ఉచితంగా బిగించమనే వారికి కొదవ లేదు. పరీక్షకు పట్టే గంటకు న్యాయమైన కూలి ఇవ్వాలి. దానికి ప్రతిగా బిల్లు, తీసిన పాత ముక్క అడిగి తీసుకోవాలి. బిల్లు ఉంటేనే గ్యారంటీ అడగడానికీ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయడానికీ బలం ఉంటుంది.

పాఠశాలల్లో ఒక ముక్క వదులై మూలనపడిన కంప్యూటర్ కోసం సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని అనంతపురం నుంచి మెకానిక్ వచ్చేదాకా పిల్లలు ఎదురుచూడవలసిన పని లేదు. పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులను నెలకొక రోజు పల్లె బడులకు పంపితే బడికి యంత్రం, వారికి పని అలవడుతుంది. పై పరీక్షలను ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి ప్రతి సచివాలయం గోడకు, ప్రతి పాఠశాల గదికి అంటించడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు. జిల్లా అధికారులు ఈ విషయమై సత్వరం శ్రద్ధ వహించడం ఎంతైనా అవసరం.