పడినా లేచే పెట్టె

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. టెక్కలి, ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చోట రౌటరు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటుండగా కరెంటు పోతే? సగం రాసిన ఫైళ్లతో అది మళ్లీ లేవకపోవచ్చు.

అందుకే కొన్ని పరికరాల్లో మెమరీని రెండు భాగాలు చేసి, ఒక్కోదానిలో ఒక్కో పూర్తి వ్యవస్థను ఉంచుతారు. ఏది నడవాలో చెప్పేది బూట్‌లోడర్. జర్మన్ ఇంజినీరు వోల్ఫ్‌గాంగ్ డెంక్ రూపుదిద్దిన 'యూ-బూట్' అలాంటిదే.

కొత్తది రాసేది వాడుకలో లేని భాగంలోనే. ఆన్ అయిన ప్రతిసారీ 'బూట్‌కౌంట్' ఒకటి పెరుగుతుంది. సవ్యంగా లేస్తే వ్యవస్థే దాన్ని సున్నా చేస్తుంది. లెక్క 'బూట్‌లిమిట్' దాటిందా, ముందే రాసిపెట్టిన ఆదేశం ప్రకారం పాత భాగం లేస్తుంది.

ఒక్క జాగ్రత్త: బూట్‌లోడర్‌నే మారుస్తుండగా కరెంటు పోతే ఈ ఏర్పాటు ఆదుకోలేదు.