మూడో స్థానానికి టికెట్ ఎవరి కోసం?

ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను 32 జట్ల నుంచి 48కి పెంచడం చిన్న దేశాలకు దక్కిన న్యాయమన్నది ఇప్పుడు అందరి నోటా వినిపించే మాట. లక్షన్నర జనాభా ఉన్న కురసావ్ 2026కి అర్హత సాధించాక, నోరెత్తినవాడల్లా పెద్ద దేశాల తొత్తయిపోయాడు. ఆసియాకు నేరుగా 8 బెర్తులు వచ్చాయి కదా, మన వంతు కూడా వస్తుందని ఇక్కడా ఆశపడేవాళ్లున్నారు. 2024 జూన్‌లో దోహాలో ఖతార్ చేతిలో ఓడి, అర్హత పోటీల రెండో రౌండ్‌లోనే ఆగిపోయిన జట్టు మనది. సరే, ఆశకేం! కురసావ్ రావడం నాకూ సంతోషమే. నా పేచీ లోపలికి వచ్చాక జరిగే తంతుతో.

1998 నుంచి 2022 దాకా గ్రూపు దశలో 48 మ్యాచ్‌లు ఆడించి 16 జట్లను ఇంటికి పంపేవారు. ఇప్పుడు 72 మ్యాచ్‌లు ఆడించి పంపేదీ 16 జట్లనే. 12 గ్రూపుల్లో మూడో స్థానంలో నిలిచినవాటిలో ఎనిమిదింటికి కూడా టికెట్ ఇస్తున్నారు మరి.

ఈ వెసులుబాటు చిన్నవాళ్ల కోసమేనట. 2022 ఖతార్‌ను గుర్తు చేసుకోండి. జర్మనీ 4-2తో కోస్టారికాను ఓడించింది, అయినా అదే రాత్రి స్పెయిన్‌పై జపాన్ గెలవడంతో ఇంటిదారి పట్టింది. మర్నాడు పోర్చుగల్‌పై 91వ నిమిషంలో గోల్ కొట్టిన దక్షిణ కొరియా ఆటగాళ్లు, మైదానం మధ్యలో గుమిగూడి ఒక ఫోన్‌లో ఉరుగ్వే మ్యాచ్ చివరి క్షణాలు చూశారు. 2-0తో గెలిచినా ఉరుగ్వే బయటికే. బెంచీ మీద సువారెజ్ కన్నీళ్లు. జర్మనీ, ఉరుగ్వే, బెల్జియం, మెక్సికో అన్నీ నాలుగేసి పాయింట్లతో మూడో స్థానమే. కొత్త లెక్కలో నాలుగు పాయింట్లంటే దాదాపు గట్టెక్కినట్టే. కామెరూన్, ట్యునీషియా కూడా గట్టెక్కేవి, కాదనను. కానీ నాలుగుసార్లు విజేతకు తడబడినా ఫర్వాలేదనే బీమా ఇచ్చి, దాన్ని చిన్నవాళ్ల ఖాతాలో రాయడం ఏం న్యాయం? 24 జట్ల యూరో 2016లో పోర్చుగల్ మూడు డ్రాలతో మూడో స్థానంలో నిలిచి, కప్పు ఎత్తుకెళ్లింది. మొదటి గ్రూపులో ఆడిన అల్బేనియా మాత్రం మూడు రోజులు ఎదురుచూసి వెళ్లిపోయింది.

ఆ ఎదురుచూపే అసలు జబ్బు. 1982లో స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ 10వ నిమిషంలో గోల్ చేశాక, ఆస్ట్రియాతో కలిసి మిగతా సమయమంతా బంతిని అటూ ఇటూ దొర్లించింది. 1-0 అయితే ఇద్దరికీ చాలు, ముందురోజే ఆట ముగించిన అల్జీరియా బలి. ఆ సిగ్గుతోనే గ్రూపులో చివరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయానికి పెట్టడం మొదలైంది. ఇప్పుడు గ్రూపు లోపల ఆ తలుపు మూసి, గ్రూపుల మధ్య బార్లా తెరిచారు. 2026 షెడ్యూలులో తొమ్మిది గ్రూపుల ఆట జూన్ 26 నాటికే ముగుస్తుంది. మిగతా మూడూ 27న, ఎన్ని పాయింట్లు చాలో తెలిసి దిగుతాయి. 27న ఒక మ్యాచ్ ఎవరెవరికి వేశారనుకున్నారు? అల్జీరియాకు, ఆస్ట్రియాకు!

48 జట్లను ఉంచండి. గ్రూపులో మొదటి ఇద్దరినే తీసుకోండి, 24 జట్లు. విజేతల్లో మెరుగైన ఎనిమిదింటిని నేరుగా ప్రీక్వార్టర్స్‌కు పంపి, మిగతా 16 జట్లను ఒక మ్యాచ్ ఆడించండి. అప్పుడూ గ్రూపుల మధ్య పోలిక ఉంటుంది, కానీ పోయేది విశ్రాంతే, టోర్నీ కాదు. మ్యాచ్‌లు 104 నుంచి 96కు తగ్గుతాయి. ప్రతి మ్యాచ్‌నూ టీవీలకు అమ్ముకునే ఫిఫాకు ఇది రుచించదు. అలాంటప్పుడు డబ్బు కోసమేనని చెప్పాలి, కురసావ్‌ను అడ్డం పెట్టుకోకూడదు.